శవాన్ని వెతికే రాత్రి కలలా ఎందుకు అనిపిస్తుంది? జేలాన్ ‘అనటోలియా’ సినిమాపై ఒక ప్రశ్న

వడ్డేపల్లి కట్ట (హనుమకొండ) అడిగిన ప్రశ్న:

తుర్కియే దర్శకుడు నూరి బిల్గే జేలాన్ 2011లో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అనటోలియా’ గురించి మిత్రుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ ప్రశ్న పెడుతున్నాను. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ పురస్కారాన్ని మరొక చిత్రంతో కలిసి పంచుకున్న సినిమా ఇది. ముగింపుతో సహా మాట్లాడుకోక తప్పదు కాబట్టి, ఇంకా చూడనివారు చూసి వచ్చాక చదివితే మంచిది.

కథగా చెప్పుకోవలసింది తక్కువే. ఒక హత్య జరిగింది. నేరం ఒప్పుకున్న కెనాన్ పోలీసుల చేతిలోనే ఉన్నాడు, కానీ శవాన్ని పాతిపెట్టిన చోటు అతనికి సరిగ్గా గుర్తు లేదు. ప్రాసిక్యూటర్, పోలీసు అధికారి, డాక్టరు, డ్రైవర్లు, తవ్వడానికి వచ్చిన కూలీలు అందరూ కలిసి మూడు బండ్లలో రాత్రంతా చెట్టూ చేమా లేని మైదానాల వెంట తిరుగుతారు. తెల్లవారాక శవం దొరుకుతుంది, పట్నానికి తెస్తారు, పోస్ట్‌మార్టం జరుగుతుంది. అంతటితో సినిమా అయిపోతుంది.

నేర కథల్లో మనం ఎదురుచూసేవేవీ ఇందులో లేవు. హంతకుడెవరన్న ఉత్కంఠ లేదు, వెంటాడటం లేదు, చివర్లో గుట్టు విప్పడం కూడా లేదు. అయినా రెండున్నర గంటలకు పైగా సాగే ఈ సినిమా నన్ను కదలనివ్వలేదు. నడిరాత్రి మెలకువ వచ్చి, ఇంకా కల పూర్తిగా వదలని స్థితిలో ఉన్నట్టు అనిపించింది. ఆశ్చర్యమేమిటంటే, కల అని చూపించే సన్నివేశాలు ఇందులో దాదాపు లేవు. పొగమంచు లేదు, నెమ్మదించిన కదలికలు లేవు, సన్నివేశాలను నడిపించే నేపథ్య సంగీతం కూడా లేదు. తెర మీద ఉన్నదంతా సాదాసీదా మనుషులు, వాళ్ల విసుగు, ఆకలి, నిద్రలేమి. మరి ఈ కల గుణం ఎక్కడి నుంచి వచ్చింది? దర్శకుడు దానిని ఎలా సాధించాడు? ఇది నా మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న డాక్టరు గురించి. శవపరీక్షలో హతుడి శ్వాసనాళంలో మట్టి కనిపిస్తుంది. అంత ముఖ్యమైన విషయాన్ని అతడు నివేదికలో ఎందుకు రాయించలేదు? ఆ మౌనాన్ని దయ అనుకోవాలా, తప్పు అనుకోవాలా?

ఫిల్మ్ సొసైటీ పాత సభ్యుడు (కరీంనగర్):

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు వెలుతురుతో మొదలవుతుంది. జేలాన్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, అయితే సినిమాలకు రాకముందు ఆయన చేసిన పని ఫొటోగ్రఫీ. ‘టర్కీ సినిమాస్కోప్’ పేరుతో ఆయన తీసిన ఫొటోలను చూస్తే, అడ్డంగా బారుగా సాగిన చట్రంలో ఆకాశానికీ నేలకూ మధ్య మనిషి ఎంత చిన్నగా నిలబడతాడో తెలుస్తుంది. ఛాయాగ్రాహకుడు గోఖాన్ తిర్యాకితో కలిసి ఆయన ఈ సినిమాలో చేసిన పని ఆ ఫొటోల కొనసాగింపే. ఒక తేడా ఉంది. ఇక్కడ ఆకాశాన్నీ నేలనూ రాత్రి మింగేసింది.

రాత్రి భాగంలో మనకు కనిపించే వెలుతురు చాలావరకు బండ్ల హెడ్‌లైట్లదే. వంపులు తిరిగిన మట్టిరోడ్డు మీద మూడు జతల దీపాలు దూరం నుంచి నెమ్మదిగా వచ్చి ఆగి, ఒక చెట్టునూ ఒక నీటి తొట్టినీ వెలిగిస్తాయి. ఆ పసుపు వెలుగు దాటితే గాలికి ఊగుతున్న గడ్డి, ఆ తర్వాత చీకటి. కెనాన్ చెప్పగలిగిన ఆనవాళ్లు కూడా అంతే: ఒక నీటి తొట్టి, ఒక గుండ్రటి చెట్టు. ఎక్కడ ఆగినా అవి రెండూ ఉంటాయి, ఆ చోటు మాత్రం అది కాదు. చేరవలసిన చోటు వచ్చినట్టే వచ్చి జారిపోవడం మనమందరం కలల్లో ఎరిగినదే. జేలాన్ దానిని కల అని చెప్పకుండా, ఒక పోలీసు గాలింపుగా చూపించాడు. అందుకే మనకు ఒకేసారి రెండూ అనిపిస్తాయి.

రెండో సంగతి, ఆయన కెమెరా వెళ్లిపోవడానికి తొందరపడదు. మాట ముగిసిన వెంటనే దృశ్యం కోసెయ్యడం నేర సినిమాల అలవాటు. జేలాన్ మాట ముగిశాక కూడా అక్కడే ఉంటాడు. యాపిల్ పండు దృశ్యం గుర్తు చేసుకోండి. డ్రైవరు అరబ్ అలీ చెట్టు కొమ్మను ఊపితే పండ్లు రాలుతాయి. వాటిలో ఒకటి వాలు మీద దొర్లి, కిందనున్న సన్నని వాగులో పడి, నీటితో పాటు కొంత దూరం కొట్టుకుపోయి, అప్పటికే అక్కడ చిక్కుకుని కుళ్లుతున్న నాలుగైదు పండ్ల దగ్గర ఆగిపోతుంది. హత్యకూ ఆ పండుకూ ఏ సంబంధమూ లేదు. అయినా కెమెరా దాని వెంటే వెళుతుంది, మనమూ ఊపిరి బిగబట్టి వెళతాం. పాతిపెట్టిన మనిషి గురించి ఎవరూ చెప్పని ఒక విషయాన్ని ఆ పండు చెప్పిందని చాలామంది రాశారు. నాకైతే దానికి అర్థం అంటగట్టడం ఇష్టం లేదు. ఆ కొద్ది నిమిషాలు లోకం మన పనితో నిమిత్తం లేకుండా తన పని తాను చేసుకుపోవడం చూశాం, అది నాకు చాలు.

ఇక దీపం దృశ్యం. వెతికి వెతికి అలసిన బృందం ఒక పల్లెలో ముఖ్తార్ ఇంటికి, అంటే మన సర్పంచ్ వంటి పెద్దమనిషి ఇంటికి, భోజనానికి వెళుతుంది. గాలి హోరులో కరెంటు పోతుంది. చీకట్లో మగవాళ్లందరూ కూర్చుని ఉండగా, ముఖ్తార్ చిన్న కూతురు ఒక పళ్లెంలో టీ గ్లాసులూ వాటి నడుమ ఒక దీపమూ పెట్టుకుని వస్తుంది. ఒక్కొక్కరి ముందూ ఆగుతుంది. దీపం కింది నుంచి ఆమె ముఖం మీద పడుతుంది, టీ అందుకుంటున్నవారి ముఖం కూడా ఆ కొద్దిసేపే వెలుగుతుంది. రాత్రంతా ఒకరినొకరు కసురుకున్న మనుషులు తలెత్తి చూసి మాట మరిచిపోతారు. కెనాన్ ఏడుస్తాడు. అప్పుడే అతనికి తాను చంపిన యాషార్ ఆ గదిలో కూర్చుని కనిపిస్తాడు. కల అని అనదగినది సినిమా మొత్తంలో ఇదొక్కటే. దానికి కూడా దర్శకుడు ఏ హంగూ చేయలేదు. పక్కన కూర్చున్న మనిషిని చూపించినట్టే చచ్చిపోయిన మనిషిని చూపించాడు, అదే దీపం వెలుగులో. ఆ తర్వాతే కెనాన్ పోలీసు అధికారికి తన రహస్యం చెబుతాడు: హతుడి కొడుకుగా పెరుగుతున్న పిల్లవాడు నిజానికి తన కొడుకని. కొట్టి రాబట్టలేని మాటను ఒక ఆడపిల్ల చేతిలోని దీపం రాబట్టింది.

విశ్రాంత పోలీసు ఉద్యోగి (జగిత్యాల):

పై మిత్రుడు సౌందర్యం వైపు నుంచి చెప్పారు. ఆ పని చేసినవాడిగా నేను మరొక వైపు నుంచి చెబుతాను. ఈ సినిమాలో నన్ను ఆకట్టుకున్నది దాని నిజాయితీ. శవం కోసం రాత్రిపూట వెతకడం ఎలా ఉంటుందో ఇంత ఉన్నదున్నట్టుగా చూపించిన సినిమా మరొకటి నేను చూడలేదు. మన దగ్గర చెరువు కట్ట, కట్ట కింద మర్రిచెట్టు, పక్కన గుట్ట అని ఎవరైనా ఆనవాలు చెబితే, ఒక్క మండలంలోనే అలాంటి చోట్లు ఎన్నో ఉంటాయి. పగలు చూసిన చోటు రాత్రి లైట్ల వెలుగులో వేరే ఊరిలా కనిపిస్తుంది. నిందితుడు అబద్ధం చెబుతున్నాడా, నిజంగానే మరిచిపోయాడా అన్నది అతనికే తెలియని ఘడియలు ఉంటాయి. మీరు కల అంటున్నది మాకు డ్యూటీలో ఎదురయ్యేదే.

కారులో బర్రె పెరుగు గురించి సాగే సంభాషణ చూడండి. వెనుక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని హంతకుడు కూర్చుని ఉంటాడు, మిగిలినవాళ్లు మంచి పెరుగు ఎక్కడ దొరుకుతుందో తీరుబడిగా మాట్లాడుకుంటారు. బయటివారికి ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ అలాంటి ప్రయాణంలో మనిషి మాట్లాడగలిగింది అదే. కెమెరా మాట్లాడేవారిని వదిలి, మాట్లాడని కెనాన్ ముఖానికి మెల్లమెల్లగా దగ్గరవుతుంది. నిద్రకు తూలుతున్న ఆ ముఖం చూస్తున్నప్పుడు అతని మీద నాకు కోపం రాలేదు. రావలసిన కోపం రాకపోవడమే నన్ను కలవరపెట్టింది.

శవం దొరికిన తర్వాతి పంచనామా కూడా అంతే. మన దగ్గర అసహజ మరణం మీద శవ పంచనామా చేసేది పోలీసులు లేదా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్. గతంలో అది సీఆర్‌పీసీ (పాత నేర ప్రక్రియా స్మృతి) 174 సెక్షన్ కింద ఉండేది, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194 కింద జరుగుతోంది. అక్కడ ప్రాసిక్యూటరే స్వయంగా వచ్చి, శవం ముందు నిలబడి చెబుతూ ఉంటే గుమాస్తా ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తాడు. ఆ మాటల మధ్యలో శవానికి హాలీవుడ్ నటుడు క్లార్క్ గేబుల్ పోలికలున్నాయని ప్రాసిక్యూటర్ అనడం, ఆ తర్వాత అసలు ఆ పోలిక ఆయనకే ఉందని అందరూ నవ్వుకోవడం కల్పించి రాసినట్టు ఉండవు. శవాన్ని చుట్టడానికి సంచి తేవడం మరిచిపోతారు, దుప్పటిలో చుట్టి కారు డిక్కీలో కుక్కుతారు, దాని పక్కనే డ్రైవరు పొలంలో కోసిన కర్బూజ పండ్లు పెడతాడు. ఎక్కడా అపహాస్యం లేదు. బతికినవాళ్లు ఇంటికి కాయో పండో తీసుకుపోవాలి కదా.

ఇక్కడ ముఖ్తార్ గురించి ఒక మాట. భోజనం పెట్టిన తర్వాత ఆయన ప్రాసిక్యూటర్‌ను ఒకే ఒక్క సాయం కోరుతాడు: ఊరికి ఒక శవాగారం. యువకులంతా పరాయి దేశాలకు పోయారు, ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, ఎవరైనా చనిపోతే కొడుకులు తాము వచ్చేదాకా పూడ్చిపెట్టవద్దని, చివరి చూపు కావాలని ఫోనులో బతిమాలతారు, ఎండాకాలంలో శవం ఎలా ఆగుతుంది అని ఆయన బాధ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో పుట్టి పెరిగినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర లేదు. దుబాయి నుంచి, సౌదీ నుంచి కొడుకు విమానం దిగేదాకా ఫ్రీజర్ బాక్సు అద్దెకు తెచ్చి వాకిట్లో పెట్టిన ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఇంకా బాధాకరమైనది, ఆ కొడుకే పెట్టెలో శంషాబాద్‌కు చేరితే, అంబులెన్సు ఊరి పొలిమేర దాకా ఎప్పుడు వస్తుందా అని ఇంటిల్లిపాదీ ఎదురుచూడడం. ఒక హత్య కథ నడుమ, అన్నం తింటూ, ఒక పల్లె పెద్ద నోటి నుంచి ఈ మాట రావడం నాకు సినిమా అంతటిలోనూ గొప్ప విషయంగా తోచింది. కవిత్వం అంటే నాకు ఇదే.

వడ్డేపల్లి కట్ట (హనుమకొండ):

ఇద్దరికీ ధన్యవాదాలు. ముఖ్తార్ మాటలను మన ఊళ్లతో కలిపి చూడడం నాకు తట్టలేదు. ఆ సన్నివేశాన్ని మళ్లీ చూస్తాను. డాక్టరు విషయంలో వైద్యరంగం వారు ఎవరైనా చెబితే బాగుంటుంది. శ్వాసనాళంలో మట్టి ఉండడం అంత ముఖ్యమైన ఆధారమా? అది రాయకపోతే కేసు ఏ మేరకు మారుతుంది?

ఫోరెన్సిక్ మెడిసిన్ పీజీ విద్యార్థిని (వరంగల్):

చాలా ముఖ్యమైన ఆధారమే. నోటిలోనూ ముక్కులోనూ మట్టి ఉన్నంత మాత్రాన పెద్దగా చెప్పలేం, ఎందుకంటే శవాన్ని పాతిపెట్టినప్పుడు కూడా అక్కడికి మట్టి చేరవచ్చు. లోపల శ్వాసనాళంలో, ఇంకా కిందికి ఊపిరితిత్తుల్లో మట్టి కనిపించిందంటే, ఆ మనిషి పాతిపెట్టేటప్పుడు ఊపిరి తీసుకుంటూ ఉన్నాడని బలంగా అనుమానించవలసి వస్తుంది. సినిమాలో శవపరీక్ష చేసే సహాయకుడు సరిగ్గా అదే చెబుతాడు. డాక్టరు కొద్దిసేపు ఆగి, అసాధారణంగా ఏమీ కనిపించలేదన్నట్టుగా రాయిస్తాడు. చంపి పాతిపెట్టడానికీ, ప్రాణముండగానే పాతిపెట్టడానికీ నేర తీవ్రతలో ఎంత తేడా ఉందో వేరే చెప్పనక్కర లేదు. వృత్తిరీత్యా చూస్తే అతడు చేసింది తప్పు. శవపరీక్ష నివేదిక దయ చూపడానికి రాసేది కాదు. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

అయితే ఆ తప్పు ఎందుకు చేశాడన్నది ఆ గదిలో మొదలైనది కాదు. రాత్రంతా ప్రాసిక్యూటర్ అతనికి ఒక కథ చెబుతూ వచ్చాడు. ఒక స్త్రీ తాను ఫలానా రోజు చనిపోతానని ముందే చెప్పి, బిడ్డను కన్న తర్వాత సరిగ్గా ఆ రోజే చనిపోయిందట. డాక్టరుకు అందులో వింత ఏమీ కనిపించలేదు. శవపరీక్ష జరిగిందా అని అడుగుతాడు, గుండెపోటులా కనిపించేటట్టు చేయగల మందులున్నాయని చెబుతాడు, అది ఆత్మహత్య అయి ఉండవచ్చంటాడు. తన మామగారు అలాంటి గుండె మందు వాడేవారని ప్రాసిక్యూటర్ అన్న క్షణంలో, ఆ స్త్రీ అతని భార్యేనని మనకు అర్థమవుతుంది. భార్య తనను శిక్షించడానికే చనిపోయిందన్న నిజం ఆ మనిషి మీద పడడం డాక్టరు ఎదురుగా కూర్చుని చూశాడు. దాన్ని తవ్వి తీసింది తానే. కొద్దిసేపటికే బల్ల మీద మరొక శవం ఉంది, బయట దాని భార్యా కొడుకూ ఉన్నారు. నిజం ఎవరికి ఏమి చేస్తుందో అప్పుడే చూసిన మనిషి, ఈసారి నోరు మూసుకున్నాడు. ఆ పిల్లవాడు కెనాన్ కొడుకన్న మాట కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. మట్టి సంగతి రాస్తే ఆ పిల్లవాడు తనను పెంచిన తండ్రి చావును మరింత ఘోరంగా తెలుసుకుంటాడు, కన్న తండ్రికి శిక్ష మరింత పెరగవచ్చు.

శవాన్ని కోస్తుండగా ఒక నెత్తుటి చుక్క ఎగిరి డాక్టరు చెంప మీద పడుతుంది. దయను కూడా జేలాన్ మరక లేకుండా చూపించలేదన్నదే నా అవగాహన.

ఈ కథకు ఇంత వైద్యపు పట్టు ఉండడానికి ఒక కారణం ఉంది. జేలాన్, ఆయన భార్య ఎబ్రూ జేలాన్‌లతో కలిసి ఈ కథ రాసిన ఎర్జాన్ కెసాల్ స్వయంగా వైద్యుడు. చదువు ముగిసిన కొత్తలో అనటోలియాలోని కెస్కిన్ అనే చిన్న పట్నంలో పనిచేసినప్పటి అనుభవం ఈ సినిమాకు మూలం. పై మిత్రుడు మెచ్చుకున్న ముఖ్తార్ పాత్రలో నటించింది కూడా ఆయనే. వైద్యుడూ రచయితా అయిన చెహోవ్ అంటే జేలాన్‌కు ఉన్న అభిమానం అందరికీ తెలిసినదే. రోగాన్ని గుర్తించినంత నిదానంగా మనుషులను గమనించడం ఇద్దరిలోనూ ఉంది.

కాజీపేట ప్రేక్షకురాలు:

చర్చ చాలా బాగుంది. నాకొక అభ్యంతరం ఉంది, దాన్ని ఇక్కడ చెప్పకపోతే వెలితిగా ఉంటుంది. ఇంత పెద్ద సినిమాలో ఆడవాళ్లకు మాటలే లేవు. దీపం తెచ్చిన అమ్మాయి ఒక్క మాట మాట్లాడదు. హతుడి భార్యను ఆసుపత్రిలో శవం గుర్తుపట్టమని అడిగితే తల ఊపుతుంది, అంతే. ప్రాసిక్యూటర్ భార్య అసలు తెర మీదికే రాదు. మగవాళ్ల రాత్రికి వెలుగుగా, వాళ్ల కన్నీళ్లకు కారణంగా మాత్రమే ఆడవాళ్లు కనిపించడం మీలో ఎవరికీ ఇబ్బందిగా అనిపించలేదా? ఆ అమ్మాయి అందాన్ని చూసి మగవాళ్లు కరిగిపోయారు సరే, ఆ పల్లెలో ఆమె బతుకు ఎలా ఉంటుందో వాళ్లలో ఒకరిద్దరు జాలి పడడం తప్ప సినిమా పట్టించుకోలేదు.

ఫిల్మ్ సొసైటీ పాత సభ్యుడు (కరీంనగర్):

మీ అభ్యంతరం న్యాయమైనదే. జేలాన్ తర్వాతి సినిమాల్లో స్త్రీలు ఎదురు నిలిచి వాదిస్తారు. 2014లో కాన్ అత్యున్నత పురస్కారం పామ్ డోర్ గెలుచుకున్న ‘వింటర్ స్లీప్’లో కథానాయకుడైన పెద్దమనిషిని చెల్లెలూ భార్యా మాటలతో నిలదీసే సన్నివేశాలు ఎంత పొడవైనవో అంత పదునైనవి. 2023లో వచ్చిన ‘అబౌట్ డ్రై గ్రాసెస్’లో నూరాయ్ అనే ఉపాధ్యాయురాలి పాత్ర కూడా అలాంటిదే.

అయినా ‘అనటోలియా’ విషయంలో ఒక్కటి చెప్పాలనిపిస్తుంది. ఆ రాత్రి కారుల్లో తిరిగిన మగవాళ్లలో ఒక్కరు కూడా ఏదీ నిర్ణయించలేదు. తెర మీద కనిపించని ఆ భార్య ఒక్కతే తేదీ నిర్ణయించుకుని, ముందుగా చెప్పి, అన్నమాట ప్రకారం చేసింది. ప్రాసిక్యూటర్ ఆ కథను ఇన్నేళ్లూ ఒక అద్భుతంగా చెప్పుకుంటూ బతికాడు, డాక్టరు అడిగిన నాలుగు ప్రశ్నలతో ఆ అద్భుతం పోయింది. ఆమె మాట మనకు వినిపించకపోవడం ఆ మగవాళ్లు వినకపోవడం వల్లే అని నేను చదువుకున్నాను. మీరు మళ్లీ చూసినప్పుడు, చివర్లో ప్రాసిక్యూటర్ డాక్టరు గదిలో కూర్చుని మాట్లాడే సన్నివేశాన్ని ఈ దృష్టితో చూసి, మీకు ఏమనిపించిందో ఇక్కడ రాయండి. జేలాన్‌ను కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం దీనికంటే ముందు 2002 నాటి ‘ఉజాక్’ చూడడం మంచిది. అందులో మాటలు ఇంకా తక్కువ. ఇస్తాంబుల్ మంచులో ఒక ఫొటోగ్రాఫరూ, పని వెతుక్కుంటూ ఊరి నుంచి వచ్చిన అతని బంధువూ ఒకే ఇంట్లో ఇమడలేకపోవడమే కథ. ఈ దర్శకుడు మౌనాన్ని ఎలా వాడతాడో అక్కడ తెలిస్తే, ‘అనటోలియా’ రాత్రి అంత పొడవుగా అనిపించదు.